నియువాఫోఉ దీవి: ఊళ్లన్నీ ఒక పక్కకే ఎందుకున్నాయి? పటంలో ఏది ఎలా చూపాలి?

దీవులచిట్టా (ప్రశ్న)

హైస్కూలు పిల్లల కోసం పసిఫిక్ దీవుల మీద ఒక పుస్తకం తయారవుతోంది. అందులో టోంగా దేశపు ఉత్తర కొసన ఉన్న నియువాఫోఉకు ఒక అధ్యాయం, ఒక పూర్తి పేజీ పటం సిద్ధం చేయాలి. అగ్నిపర్వతం నడుమ పెద్ద సరస్సు, దాని చుట్టూ గాజులా భూమి, ఆ భూమి మీద ఊళ్లు. చెప్పడానికి తేలికే గానీ గీయబోతే నాలుగు చోట్ల పని ఆగింది.

1. ఊళ్లన్నీ ఉత్తరాన, తూర్పున. పడమర, దక్షిణం దాదాపు ఖాళీ. ఓడ సరుకు దించే చోటు మాత్రం పడమట ఫుటు దగ్గర. ఊళ్లొక చోట, రేవొక చోట ఎందుకు పడ్డాయి?

2. దీవిని అడ్డంగా కోసినట్టు బొమ్మ గీస్తే కొండే కనిపించడం లేదు. కాగితం మీద ఒక వంకర గీత మిగులుతోంది. సరస్సు అడుగు సముద్రమట్టానికి పైన ఉంటుందా, కింద ఉంటుందా?

3. 1946లో దీవి మొత్తాన్ని ఖాళీ చేయించారనీ 1958లో తిరిగి రానిచ్చారనీ చాలాచోట్ల ఉంది. అయితే టోంగాలోనే దక్షిణాన ఉన్న ఎఉఆ దీవి పటంలో కూడా ఆంగహా, ఎసియా, ముఆ అనే ఊళ్లు కనిపిస్తున్నాయి. అది అచ్చుతప్పా, నిజంగానే రెండేసి ఉన్నాయా?

4. టపాను డబ్బాలో పెట్టి సముద్రంలోకి విసిరేవారన్న సంగతి అందరూ రాస్తారు. అసలు ఆ పని వరసగా ఎలా జరిగేదో ఎవరూ రాయరు.

పిల్లల పుస్తకమే అయినా వివరం తగ్గించి చెప్పక్కర్లేదు. కుదించడం తర్వాత చూసుకోవచ్చు.


బసాల్టు

మొదటి ప్రశ్నకు జవాబు ఈ కొండ పగిలే తీరులో ఉంది.

టోంగాలో అగ్నిపర్వతాలు చాలావరకు ఒక వరసలో ఉంటాయి. పసిఫిక్ పలక (భూమి పైపొరలో ఒక పెద్ద ముక్క) టోంగా అగాధం దగ్గర కిందికి దిగుతుంటే ఆ గీతకు సమాంతరంగా లేచినవి అవి. నియువాఫోఉ ఆ వరసలోది కాదు. దానికి పడమటగా, లౌ (Lau) బేసిన్ అనే సముద్రపు పల్లం ఉత్తర భాగంలో, సముద్రపు నేల సాగిపోయే చోట ఉంది. అందుకే ఇక్కడ వచ్చేది ఎక్కువగా పల్చని బసాల్టు లావా. 2022 జనవరిలో హుంగా టోంగా అగ్నిపర్వతం పేలిన తీరును మనసులో పెట్టుకుని ఈ దీవి గురించి రాస్తే బొమ్మ మొత్తం తప్పుతుంది. ఇక్కడ మామూలుగా జరిగేది నడినెత్తిన పేలుడు కాదు. కాల్డెరా (కొండ నడిమి భాగం కుంగి ఏర్పడిన పెద్ద గుంట) గట్టుకు బయటి వాలులో, గట్టుకు సమాంతరంగా వంపు తిరిగిన పొడవాటి చీలికలు తెరుచుకుంటాయి. వాటిలోంచి లావా పొంగి నేరుగా సముద్రంలోకి జారుతుంది. బయటి వాలు పొడవు రెండు కిలోమీటర్లు కూడా లేదు కాబట్టి దారిలో ఏముంటే అది పోతుంది.

ఆ చీలికలు ఎక్కువసార్లు తెరుచుకున్నది పడమట, నైరుతిన, దక్షిణాన. 1853లో నైరుతి దిక్కున అహావు అనే ఊరు లావా కింద పడి 25 మంది చనిపోయారు. 1912లో మళ్లీ అదే పక్క. 1929లో పడమటి తీరాన ఉన్న ఫుటు ఊరూ, దాని రేవూ పోయాయి. 1943లో తోటలు దెబ్బతిని తిండికి కరువొచ్చింది. ఈ తేదీలన్నీ పటం మీద పెట్టి చూడండి, జనం ఉత్తరానికీ తూర్పుకీ ఎందుకు సర్దుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఊళ్ల వరస. ఉత్తర తీరాన పడమటి నుంచి తూర్పుకి ఎసియా, ఆంగహా, సపాఆటా. తూర్పు వైపున ఫటాఉలువా, మటాఆహో, ముఆ, టోంగమమాఓ, పెటాని మొదలైనవి. ప్రభుత్వ కార్యాలయాలు ఆంగహాలో.

అయితే "ఉత్తరం భద్రం" అని మాత్రం రాయకండి. 1946 సెప్టెంబరులో చీలిక తెరుచుకున్నది సరిగ్గా ఆంగహా దగ్గరే. ప్రభుత్వ భవనాలు, ఎండుకొబ్బరి గిడ్డంగులు, వైర్‌లెస్ కేంద్రం పోయాయి. ప్రాణనష్టం లేదు. అందువల్ల పటం సూచికలో "తరచుగా లావా వచ్చిన పక్క", "అరుదుగా వచ్చిన పక్క" అని రెండే వర్గాలు పెట్టండి. అపాయం లేని చోటు అనే మూడో వర్గం ఈ దీవికి లేదు.

ఇంకొక రకం విస్ఫోటనం కూడా ఉంది, అది 1886 నాటిది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కాల్డెరా లోపలే, సరస్సు పక్కన జరిగింది. లావా నీటిని తాకింది కాబట్టి ఆవిరి పేలుళ్లు, దీవంతా బూడిద. అంటే చీలిక గట్టు బయట తెరుచుకుంటే లావా, లోపల తెరుచుకుంటే బూడిద. పిల్లలకు ఈ ఒక్క వాక్యం అర్థమైతే చాలు, తేదీలు మరిచిపోయినా నష్టం లేదు. చివరిగా నమోదైన చిన్న విస్ఫోటనం 1985లో.


గళ్లకాగితం

పటం సంగతి నేను చెబుతాను.

దీవి అడ్డం సుమారు 8 కిలోమీటర్లు. 1:50,000 స్కేలు తీసుకుంటే 16 సెంటీమీటర్లు వస్తుంది, ఏ4 కాగితం మీద సూచికకు కూడా చోటు మిగులుతుంది. పెద్ద సరస్సు వాయి లాహి వెడల్పు నాలుగు కిలోమీటర్ల పైన, అంటే కాగితం మీద 8 సెంటీమీటర్లు దాటుతుంది. దాని పక్కనే ఈశాన్యంగా చిన్న సరస్సు వాయి సిఇ. రెండూ దాదాపు తగులుకుంటాయి గానీ కలవవు. కంప్యూటరులో గీతలు నునుపు చేసేటప్పుడు ఆ సన్నని భూమి మాయమై రెండూ ఒక్కటైపోతాయి. ఆ ముక్కను చేత్తో సరిదిద్దాలి.

అడ్డకోత బొమ్మలో కొండ కనిపించకపోవడానికి లెక్క ఇది. గట్టు చాలాచోట్ల 120 మీటర్ల పైన, అత్యధిక ఎత్తు సుమారు 250 మీటర్లు. 1:50,000లో 250 మీటర్లంటే 5 మిల్లీమీటర్లే. 16 సెంటీమీటర్ల పొడవులో 5 మిల్లీమీటర్ల ఎత్తు గీతలాగే ఉంటుంది. నిలువు కొలతను నాలుగు రెట్లు పెంచండి, రెండు సెంటీమీటర్లు వస్తుంది. పెంచిన సంగతి బొమ్మ కిందే రాయాలి, లేకపోతే బయటి వాలు కొండచరియలా కనిపించి పిల్లలు మోసపోతారు. నిజానికి బయటి వాలు నాలుగైదు డిగ్రీలే, నడక తేలిక. నిటారుగా దిగేది లోపలి గోడ.

సరస్సు అడుగు: నీటిమట్టం సముద్రానికి సుమారు 23 మీటర్ల పైన, లోతు 80 మీటర్ల పైన. తీసివేత చేస్తే అడుగు సముద్రమట్టానికి దాదాపు 60 మీటర్ల కింద ఉంటుంది. చాలా బొమ్మల్లో సరస్సును కొండ మీద గిన్నెలాగా సముద్రమట్టానికి పూర్తిగా పైనే గీస్తారు. అది తప్పు. సముద్రమట్టపు గీతను సరస్సు గుండా చుక్కలతో లాగి చూపించండి.

ఎత్తుల సమాచారానికి ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన భూమి ఎత్తులు) వాడితే కావాల్సిన పలక, అంటే ఒక డిగ్రీ చదరపు ముక్క, ఎస్16 డబ్ల్యూ176. దీవి 15.6 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 175.6 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర ఉంది. పలక పేరు దాని నైరుతి మూలను బట్టి పెడతారు కాబట్టి 15 కాదు, 16. 175 కాదు, 176. ప్రొజెక్షన్‌కు, అంటే గుండ్రని భూమిని చదునుగా చూపే పద్ధతికి, యూటీఎం ఒకటో జోన్, దక్షిణం; పటాల సాఫ్ట్‌వేర్‌లో దాని సంకేతం ఈపీఎస్‌జీ 32701. రెండు చోట్ల జారిపడతారు. రేఖాంశానికి మైనస్ గుర్తు మరిచిపోతే దీవి ఫిజీకి పడమటగా ఖాళీ సముద్రంలో తేలుతుంది. రెండోది, టోంగా తేదీ రేఖకు "అవతలి" దేశం కదా అని 60వ జోన్ ఎంచుకోవడం. తేదీ రేఖ వేరు, 180 డిగ్రీల రేఖాంశం వేరు. టోంగా 180కి తూర్పునే ఉంది, గడియారం మాత్రం ప్రపంచ ప్రామాణిక సమయానికి (యూటీసీ) 13 గంటలు ముందు నడుస్తుంది.

ఈ తేదీ గొడవ చరిత్ర రాసేటప్పుడు కూడా తగులుతుంది. 1930 అక్టోబరులో సంపూర్ణ సూర్యగ్రహణం ఈ దీవి మీదుగా పోయింది. అమెరికా నేవల్ అబ్జర్వేటరీ వాళ్లు ఇక్కడికొచ్చి విడిది చేసి ఫోటోలు తీశారు. సంపూర్ణ దశ ఒకటిన్నర నిమిషం. ఖగోళ పట్టికల్లో అది 21వ తేదీ. అక్కడి క్యాలెండరులో మాత్రం 22 ఉదయం. రెంటిలో ఏది రాసినా సరే, ఏ లెక్కలో రాశారో చెప్పండి.

ఎస్‌ఆర్‌టీఎంలో సరస్సు ఉపరితలం ఒకే అంకెతో చదునుగా వస్తుంది. లోతు అందులో దొరకదు. నీటి కింద సమోన్నత రేఖలు ఊహించి గీయకండి, లేత నీలం నింపి లోతు ఒక అంకెగా రాస్తే చాలు.


దీవులచిట్టా

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎస్16 సంగతి ముందే తెలిసుంటే చాలా పని తప్పేది.

బసాల్టు గారూ, ఒక్క అనుమానం. రెండు సరస్సులున్న దీవిలో తాగునీటికి వాననీటి ట్యాంకులే దిక్కంటారు. ఎందుకని? ఫుటు ఊరు 1929లోనే పోయిందంటున్నారు, మరి ఓడలు ఇప్పటికీ అక్కడికే ఎందుకు వస్తున్నాయి?


రేవుమాట

బసాల్టు గారు వచ్చేలోగా రేవు గురించి నేను రాస్తాను.

పసిఫిక్ దీవి అనగానే చుట్టూ పగడపు దిబ్బ, లోపల ప్రశాంతమైన లగూన్ అనుకుంటాం. నియువాఫోఉకు అది లేదు. ఇసుక తీరమూ లేదు, నల్లరాతి అంచు నేరుగా నీళ్లలోకి దిగుతుంది. తీరం దాటగానే లోతు గబగబా పెరుగుతుంది. లంగరు నిలవాలంటే నీటి లోతుకు కనీసం మూడు నాలుగు రెట్లు గొలుసు వదలాలి, అడుగున అది పట్టుకునే నేలా ఉండాలి. ఇక్కడ తీరానికి దగ్గరగా రాయి, కొద్ది దూరం పోతే గొలుసు అందనంత లోతు. అందుకే ఓడ లంగరు వేయదు. ఇంజను నడుపుకుంటూ తీరానికి ఎడంగా ఆగుతుంది, చిన్న పడవలు దాని దగ్గరికి వెళ్తాయి.

ఇక చోటు సంగతి. సంవత్సరంలో ఎక్కువ రోజులు గాలి ఆగ్నేయం నుంచి, తూర్పు నుంచి వీస్తుంది. ఊళ్లున్న తూర్పు తీరం ఆ అలలకు ఎదురు. పడమటి తీరం గాలిమరుగు. ఫుటు దగ్గర లావా ప్రవాహం కొస సముద్రంలోకి చొచ్చుకొచ్చి పడవ ఆనించుకోవడానికి కాస్త చోటిచ్చింది. ఊరు పోయినా చోటు పనికొస్తోంది. ఇళ్లను మంచి నేల వెతుక్కుని కట్టుకోవచ్చు, గాలిమరుగు కోసం మాత్రం పడమటికే పోవాలి. మీ మొదటి ప్రశ్నలో రెండో సగానికి ఇదే జవాబు.

పడవ పని వరస: ఓడ పక్కకు పడవ చేరాక అల పైకెత్తినప్పుడు సరుకు అందుకోవాలి, దిగినప్పుడు కాదు. ఒడ్డు దగ్గర కూడా అంతే, పడవ అల మీద పైకి లేచిన క్షణంలో మనిషి రాతి మీదికి అడుగు వేయాలి. ఒక క్షణం ఆలస్యమైతే పడవ కిందికి జారుతుంది, కాలు రాతికీ పడవ అంచుకీ మధ్య పడుతుంది. పడమటి గాలి తిరిగిన రోజుల్లో, ముఖ్యంగా నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానుల కాలంలో, ఓడ వచ్చి కూడా సరుకు దించకుండా తిరిగిపోవచ్చు. ఆ నెలల్లో పిండి, చక్కెర, డీజిల్ నిల్వలు చూసుకోవడం అక్కడి ఇంటింటి పని.

దీవికి విమానాల పట్టీ వచ్చింది 1983లో. దాని పేరు కుయిని లవేనియా విమానాశ్రయం. చిన్న విమానాలే దిగగలవు, అవీ వాతావరణం కుదిరితేనే. పటంలో దాన్ని పెద్ద విమానం గుర్తుతో చూపకండి, చదివేవాళ్లకు తప్పు అంచనా కలుగుతుంది.


బసాల్టు

రేవు గురించి అంతకంటే బాగా నేను చెప్పలేను. నీటి సంగతి చూద్దాం.

కొత్త బసాల్టు నిండా పగుళ్లు, బుడగల చిల్లులు. వాన పడిన చోటే ఇంకిపోతుంది, కాబట్టి వాగు లేదు, ఏరు లేదు. సరస్సులోకి కింది నుంచి వేడి ఊటలు, వాయువులు చేరుతుంటాయి. నీళ్లలో కరిగిన లవణాలు ఎక్కువ. చూడ్డానికి తేటగా ఉన్నా తాగడానికి పనికిరావు. పైగా సరస్సు గట్టు లోపల, నిటారు గోడ కింద ఉంది, ఊళ్లు బయట ఉన్నాయి. అందుకే ఇంటి కప్పు, చూరు వెంట గొట్టం, సిమెంటు ట్యాంకు.

పిల్లల చేత లెక్క చేయించండి. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 60 చదరపు మీటర్ల రేకు కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 600 లీటర్లు. చిందేదీ ఆవిరయ్యేదీ ఐదో వంతు తీసేస్తే 480. ఆరుగురి ఇల్లు, మనిషికి రోజుకు 20 లీటర్లు అనుకుంటే ఆ వాన నాలుగు రోజులకు సరి. 10,000 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే 83 రోజులు.

బూడిద పడే విస్ఫోటనంలో ఈ ఏర్పాటే ప్రమాదం. బూడిద రాలడం మొదలవగానే చేయాల్సిన మొదటి పని ట్యాంకులోకి దిగే పైపును విడగొట్టడం. తర్వాత కప్పును పొడిగా ఊడవాలి, నీళ్లు కొట్టకూడదు. తడిసిన బూడిద బరువెక్కి రేకులను కుంగదీస్తుంది, ఆమ్లం వల్ల రేకు తుప్పు పడుతుంది. మంచి వాన ఒకటి కప్పును కడిగాకే పైపు మళ్లీ తగిలించాలి. ముందే తగిలిస్తే నెలల తరబడి దాచుకున్న నీళ్లు ఒక్క పూటలో చెడతాయి.


రెండుఆంగహాలు

మూడో ప్రశ్న మిగతా వాటి కింద నలిగిపోకూడదు. నా ఉద్దేశంలో మీ అధ్యాయానికి అసలు గుండె అదే.

ఎఉఆలో ఆంగహా, ఎసియా, సపాఆటా, ఫటాఉలువా, మటాఆహో, ముఆ, టోంగమమాఓ, పెటాని, ఫుటు, అన్నీ నిజమైన ఊళ్లే. అచ్చుతప్పు కాదు. నియువాఫోఉ నుంచి వచ్చినవాళ్లు తమ ఊళ్ల పేర్లతోనే కట్టుకున్నవి. ఫుటును చూడండి. సొంత దీవిలో 1929లో లావా కింద పోయిన ఊరు ఎఉఆలో ఇప్పుడూ బతికి ఉంది.

జరిగిన క్రమం ఇది. 1946 సెప్టెంబరులో ఆంగహా కాలింది. మనుషులు గట్టు పైకి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. వైర్‌లెస్ పోవడంతో బయటి ప్రపంచానికి కబురే లేదు. ప్రభుత్వం ముందు ఉన్న చిక్కు రాబోయే లావా ఒక్కటే కాదు. సుమారు 1,300 మంది జనం, లంగరు వేసే చోటు లేదు, కబురు పంపే సాధనం లేదు, సరుకు నిల్వలు తగలబడ్డాయి. ఇంకోసారి జరిగితే అందరినీ ఒకేసారి ఎక్కించుకోవడం అసాధ్యం. అప్పటి టోంగా రాణి సలోటే ప్రభుత్వం దీవిని ఖాళీ చేయించాలని నిర్ణయించింది. డిసెంబరులో జనాన్ని ఓడలో రాజధాని ఉన్న టోంగాటాపు దీవికి, అక్కడి నుంచి తర్వాత ఎఉఆకు తరలించారు. ఒక్కరూ చనిపోని విస్ఫోటనానికి దీవినే ఖాళీ చేయించడం అతి అని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. 1853 సంగతి దీవిలో అందరికీ తెలుసు, ఆ మీదట 1929, 1943. పదిహేడేళ్లలో మూడు దెబ్బలు తిన్న చోట ప్రాణనష్టం లేకపోవడం అదృష్టమే గాని ఏర్పాటు కాదు. అలాగని ప్రజలంతా ఇష్టంగా కదిలారని కూడా రాయకండి. చాలామందికి వెళ్లడం ఇష్టం లేదు, వెళ్లినవాళ్లలోనూ తిరిగి రావాలన్న పట్టుదల పోలేదు. 1958 నుంచి తిరిగి రావడానికి అనుమతించారు. అయితే కొందరే వచ్చారు.

ఎందుకు కొందరే? ఇక్కడ టోంగా భూమి పద్ధతి తెలియాలి. 1875 రాజ్యాంగం ప్రకారం టోంగాలో భూమి అమ్మకానికి లేదు. రాజుదీ, నోబుల్స్ అనే వంశపారంపర్య పెద్దలదీ. వాళ్ల ఎస్టేట్లలోంచి 16 ఏళ్లు నిండిన మగవాడు తోటకు ఎనిమిదింపావు ఎకరాల చెక్క, ఊళ్లో ఒక ఇంటి స్థలం కోరవచ్చు. అవి వారసత్వంగా దిగుతాయి. ఒక మనిషికి తోట చెక్క ఒకటే అన్నది మామూలు నియమం. ఎఉఆలో చెక్క పుచ్చుకుని, చెట్లు నాటి, పిల్లల్ని బడిలో వేసిన కుటుంబం తిరిగి వెళ్లడమంటే కేవలం ఓడెక్కడం కాదు. రెండు చోట్లా భూమి నిలుపుకోవడానికి కుటుంబాలు అన్నదమ్ముల మధ్య పంచుకోవాలి, ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ. నియువాఫోఉకు సంబంధించిన నోబుల్ బిరుదులు ఫోటోఫిలి, ఫుసిటుఆ. పార్లమెంటులో రెండు నియువా దీవులకు (నియువాఫోఉ, నియువాటోపుటాపు) కలిపి ఒక నోబుల్ సభ్యుడు, ఒక ప్రజా సభ్యుడు ఉంటారు.

ఈ మధ్య జనాభా లెక్కల్లో నియువాఫోఉలో 500 మంది కూడా లేరు. ఆ అంకె ఒక్కటే రాస్తే పిల్లలకు దీవి చచ్చిపోతోందన్న భావం కలుగుతుంది. ఆ ప్రజలు ఎఉఆలో, టోంగాటాపులో, న్యూజిలాండులో ఉన్నారు. తమను నియువాఫోఉ వాళ్లమనే చెప్పుకుంటారు.

భాష కూడా చూపించాల్సిన విషయమే. నియువాఫోఉ మాట టోంగా భాషకు యాస కాదు, వేరే పాలినేషియా భాష. వాలిస్ దీవి అనే ఉవెయా భాషకు దగ్గర. దూరాలు చూస్తే ఆశ్చర్యం ఉండదు. ఉవెయా ఉత్తరాన సుమారు 260 కిలోమీటర్లు, రాజధాని నుకుఅలోఫా దక్షిణాన దాదాపు 600. బడి, చర్చి, ప్రభుత్వం టోంగా భాషలో నడవడంతో అది ఇంట్లోకి కుదించుకుపోతోంది.

ఒక హెచ్చరిక: నియువాటోపుటాపుతో కలిపేయకండి. అది తూర్పున 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న మరో దీవి. 2009 సెప్టెంబరు సునామీలో తొమ్మిది మంది చనిపోయింది అక్కడ. రెంటినీ కలిపి "నియువాలు" అంటారు కాబట్టి ఆ వార్తలు నియువాఫోఉ ఖాతాలో పడిపోతుంటాయి.


రేవుమాట

డబ్బా టపా గురించి కూడా ఇంతకుముందు చెప్పిన లోతు నీటిలోనే మొదలుపెట్టాలి. ఓడ ఆగలేదు, పడవ దింపడం ప్రమాదం, కానీ దారిన పోయే ఓడల దగ్గర ఉత్తరాలున్నాయి. 1882లో అక్కడుండే విలియం ట్రావర్స్ అనే వ్యాపారి, తన ఉత్తరాలను డబ్బాలో మూసి సముద్రంలోకి వదలమని ఓడల వాళ్లను అడిగాడు. అలా మొదలైంది.

అప్పటి వరస ఇలా ఉండేది. ఓడ గాలిమరుగున వేగం తగ్గించి కూత వేస్తుంది. లోపల ఉత్తరాలను పెద్ద బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూతకు సోల్డరు పట్టి, నీరు చొరకుండా చేసి పక్కకు జారవిడుస్తారు. ఒడ్డు నుంచి ఈతగాళ్లు పొడవాటి తేలిక కొయ్యను చంక కింద పెట్టుకుని వస్తారు. ఆ కొయ్య తేలడానికి, సేద తీరడానికి. డబ్బాను తాడుతో కట్టి లాక్కుపోతారు. దీవి నుంచి పోయే ఉత్తరాలను జిడ్డుకాగితంలో చుట్టి, కర్ర చివర కట్టి, ఆ కర్రను నీటికి పైన ఎత్తి పట్టుకుని ఈదుతారు. కష్టమైన భాగం చివరిది. అలలు రాతి మీద విరుచుకుపడే చోట డబ్బాను ముందుకు తోస్తే పగులుతుంది, వెనక లాగితే అల దాన్ని మనిషి మీదికి విసురుతుంది.

1931లో ఒక ఈతగాడిని సొరచేప చంపింది. సలోటే రాణి ఈతతో టపా తేవడాన్ని నిషేధించారు. అప్పటి నుంచి పక్కన తేలుడు కొయ్య కట్టిన పడవలు. ఆ రోజుల్లోనే వాల్టర్ జార్జ్ క్వెన్సెల్ అనే వ్యాపారి కవర్ల మీద రకరకాల ముద్రలు వేసి పంపడం మొదలుపెట్టాడు, సేకరించేవాళ్లు ప్రపంచమంతా ఎగబడ్డారు. 1983 నుంచి దీవి పేరుతో వేరే స్టాంపులు కూడా వస్తున్నాయి. పుస్తకంలో స్టాంపు బొమ్మ పెడితే పక్కన ఈతగాళ్ల పని కూడా రాయండి. స్టాంపు ఒక్కటే పెడితే ఇదంతా సరదా కార్యక్రమంలా కనిపిస్తుంది.


బసాల్టు

ఒక పక్షిని చేర్చమని అడుగుతాను, ఎందుకంటే కొండ వేడికీ జనానికీ అది నేరుగా ముడిపడి ఉంది. మలావు. గోధుమ బూడిద రంగులో నాటుకోడి కంటే చిన్నగా ఉంటుంది. గుడ్ల మీద కూర్చోదు. సరస్సు చుట్టూ వదులుగా, వెచ్చగా ఉండే బూడిద నేలలో ఒక మీటరు, ఒక్కోచోట ఇంకా లోతు తవ్వి గుడ్డు పెట్టి పూడ్చేస్తుంది. పొదగడం భూమి పని. పిల్ల తనంతట తనే తవ్వుకుని పైకొస్తుంది, రాగానే ఎగరగలదు. గుడ్డు తల్లి ఒంటికి పోలిస్తే చాలా పెద్దది కాబట్టి జనం తవ్వి తింటారు. ఒకే గూటి చోటును వరసగా తవ్వితే అక్కడ పిల్ల పైకి రావడమే ఆగిపోతుంది. దీనికి తోడు పిల్లులు. సహజంగా ఇది బతికి ఉన్నది నియువాఫోఉలోనే. 1990ల తొలినాళ్లలో గుడ్లను, పిల్లలను మనుషులు లేని లాటే, ఫొనువలేయి అనే అగ్నిపర్వత దీవులకు చేర్చారు. లాటేలో నిలవలేదు, ఫొనువలేయిలో నిలిచింది. చోటు ఎంచేటప్పుడు చూడాల్సింది వెచ్చని నేల ఒక్కటే కాదు, అది వదులుగా ఉందా, ఎలుకలూ పిల్లులూ లేవా అన్నది కూడా.

పటంలో మలావు గుర్తును సరస్సు లోపలి ఒడ్డునే పెట్టండి. బయటి వాలులో పెడితే తప్పు.


గళ్లకాగితం

రెండుఆంగహాలు గారు చెప్పింది చదివాక పటంలో ఎఉఆ కూడా ఉండాల్సిందే అనిపిస్తోంది. ఒక చిక్కు ఉంది. ఎఉఆ ఉత్తర దక్షిణాలుగా దాదాపు 19 కిలోమీటర్లు, 1:50,000లో గీస్తే 38 సెంటీమీటర్లు, పేజీలో పట్టదు. దాన్ని ఒక్కదాన్నే చిన్న స్కేలులో మూలన పెడితే రెండు దీవులూ సమానంగా కనిపిస్తాయి, నిజానికి ఎఉఆ చాలా పెద్దది. అందుకని ఎడమ పేజీలో నియువాఫోఉ పెద్ద పటం ఉంచి, కుడి పేజీలో రెండు దీవులనూ 1:2,00,000లో పక్కపక్కన గీయండి. ఎఉఆ తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, నియువాఫోఉ నాలుగు. మధ్యలో దూరం స్కేలుకు కుదరదు, బాణం వేసి "దాదాపు 640 కి.మీ." అని రాస్తే సరిపోతుంది.

ఎఉఆలో ఊళ్లను పడమటి వాలులోని రోడ్డు వెంబడి పెట్టాలి. తూర్పు తీరమంతా కొండచరియలు, అడవి. అక్కడ లావా రంగు వేయకండి, పైనున్నది ఎక్కువగా సున్నపురాయి. రెండు దీవుల్లోనూ ఒకే పేరున్న ఊళ్లకు ఒకే అంకె ఇవ్వండి: ఆంగహా 1, ఎసియా 2, అలా. నియువాఫోఉలో ఫుటు అంకెను ఖాళీ వలయంలో, ఎఉఆలో నిండు వలయంలో వేయండి. సూచికలో ఖాళీ వలయం ఎదురుగా "1929లో లావా కింద పోయిన ఊరు, ఇప్పుడు పడవలు దిగే చోటు" అని రాయాలి. అహావుకు కూడా ఖాళీ వలయమే, పక్కన 1853.